బండి ఎంపికలో ప్రభుత్వం చెయ్యి ఎంత?



పదో తరగతి ఎకనామిక్స్‌లో చివరి పాఠం వినియోగదారుల హక్కులు. భద్రత హక్కు, సమాచారం తెలుసుకునే హక్కు, ఎంచుకునే హక్కు, పరిహారం పొందే హక్కు... పిల్లలు గడగడా అప్పజెప్పేస్తారు, మార్కులూ తెచ్చుకుంటారు. కానీ పుస్తకంలో ఎంచుకునే హక్కుకు ఇచ్చిన ఉదాహరణ టూత్‌పేస్టు స్థాయి దాటదు. మన ఇళ్లలో ఇల్లు, పొలం తర్వాత పెద్ద ఖర్చు బండి. బైకైనా, ఆటో అయినా, ట్రాక్టరైనా, కారైనా అప్పు చేసి, ఈఎంఐ కట్టి కొంటాం. ఆ కొనుగోలులో మనం నిజంగా ఎంచుకునేది ఎంత, మనం షోరూం మెట్లు ఎక్కకముందే ఢిల్లీలో నిర్ణయమైపోయింది ఎంత? ఈ నెల క్లాసులో పిల్లలతో మాట్లాడుతున్నది ఇదే. ఇంట్లో మీరూ మాట్లాడితే పాఠం బాగా ఎక్కుతుందని ఇక్కడ రాస్తున్నాను.

ముందు పాత సంగతి కొంచెం. తాతయ్యలు ఇంట్లో ఉంటే వాళ్లనే అడగమనండి. అప్పట్లో కారంటే అంబాసిడర్, పద్మిని, స్టాండర్డ్, అంతే. ఏ కంపెనీ ఎన్ని బండ్లు చేయాలో కూడా ప్రభుత్వ లైసెన్సులో రాసి ఉండేది. బజాజ్ చేతక్ స్కూటర్‌కు డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూసేవారు. మన రాష్ట్ర ప్రభుత్వ సంస్థ హైదరాబాద్ ఆల్విన్ పేరుతో పుష్పక్ అనే స్కూటర్ కూడా వచ్చిందని ఈ కాలం పిల్లలకు తెలియదు. మొదటి మారుతి 800 కొన్నాయన చేతికి తాళం వచ్చింది 1983 డిసెంబరు 14న. కార్ల తయారీకి లైసెన్సు అక్కర్లేదన్నది 1993లో. అక్కడి నుంచి ప్రభుత్వం 'ఎన్ని చేయాలి' అని అడగడం మానేసి 'ఎలా చేయాలి' అని అడగడం మొదలుపెట్టింది. బండ్ల రకాలు పెరిగాయి, నియమాలూ పెరిగాయి.

టేపు పట్టుకుని కొలవండి

నియమం బండి ఆకారాన్ని ఎలా మారుస్తుందో చూడాలంటే మీ వీధిలో ఉన్న కారు దగ్గరకు వెళ్లి టేపు పెట్టండి. వెన్యూ, నెక్సాన్, బ్రెజ్జా, డిజైర్... కంపెనీలు వేరు, పొడవు మాత్రం అన్నిటిదీ 3,995 మిల్లీమీటర్లు. నాలుగు మీటర్లకు అరంగుళం కూడా తేడా లేదు. నలుగురు ఇంజినీర్లు నాలుగు ఊళ్లలో కూర్చుని ఒకే కొలత ఎందుకు గీశారు?

2006 కేంద్ర బడ్జెట్‌లో చిన్న కార్ల మీద ఎక్సైజు సుంకాన్ని 24 శాతం నుంచి 16 శాతానికి తగ్గించారు. చిన్న కారు అంటే ఏమిటో కూడా చెప్పారు: పొడవు నాలుగు మీటర్లు దాటకూడదు, పెట్రోలు ఇంజిన్ అయితే 1200 సీసీ, డీజిల్ అయితే 1500 సీసీ దాటకూడదు. అంతే, కంపెనీలన్నీ కత్తెర పట్టుకున్నాయి. 2008లో టాటా వాళ్లు ఇండిగో డిక్కీ కోసి సీఎస్ అని తెచ్చారు. స్విఫ్ట్ డిజైర్ మొదట 4,160 మిల్లీమీటర్లు ఉండేది. 2012లో వచ్చిన కొత్త డిజైర్ 3,995కి దిగింది. ఆ తేడా అంతా వెనక డిక్కీలోనే పోయింది. 'డిక్కీలో ఒక సూట్‌కేసు తక్కువ పడుతోంది' అని ఎవరైనా అంటే ఆ సూట్‌కేసును తీసేసింది కంపెనీ ఒక్కటే కాదు, పన్ను స్లాబు కూడా.

బ్రెజ్జా కథ ఇంకా బాగుంటుంది, క్లాసులో పిల్లలు చాలా ఇష్టపడ్డారు. 2016లో అది 1248 సీసీ డీజిల్ ఇంజిన్‌తో వచ్చింది. పొడవు సరే, సీసీ సరే, కాబట్టి చిన్న కారు. 2020లో పొగ నియమాలు మారినప్పుడు మారుతి కంపెనీ డీజిల్ కార్లే మానేసింది. బ్రెజ్జాలో 1462 సీసీ పెట్రోలు ఇంజిన్ పెట్టింది. బయటి నుంచి చూస్తే అదే బండి, పొడవులో మిల్లీమీటరు పెరగలేదు. కానీ పెట్రోలుకు హద్దు 1200 సీసీ కాబట్టి పన్ను లెక్కలో అది పెద్ద కారు అయిపోయింది. ఒక శాఖ పొగ గురించి పెట్టిన నియమం, ఇంకో శాఖ పొడవు గురించి పెట్టిన నియమం మధ్యలో కొనేవాడు నిలబడ్డాడు.

ఇదే గీత ఇప్పటికీ నడుస్తోంది. 2025 సెప్టెంబరు 22న, అంటే ఎంగిలిపూల బతుకమ్మ మర్నాడే, కొత్త జీఎస్టీ రేట్లు వచ్చాయి. ఈ గీత లోపల ఉన్న కార్లకు 28 నుంచి 18 శాతం, గీత దాటితే 40 శాతం. ఎలక్ట్రిక్ బండ్లకు ఎప్పటిలాగే 5. ట్రాక్టర్లకు 12 నుంచి 5కు దిగింది. ఆ దసరాకు ట్రాక్టరు కొన్న తల్లిదండ్రులకు ఇది నేను చెప్పక్కర్లేదు. బైకుల్లో గీత 350 సీసీ దగ్గర. క్లాసిక్ 350 బుల్లెట్ ఇంజిన్ 349 సీసీ అని మీ అబ్బాయి మీకు చెప్పే ఉంటాడు. ఆ ఒక్క సీసీ ఎందుకు తక్కువగా పనికొస్తోందో కూడా వాడినే అడగండి. 452 సీసీ హిమాలయన్‌కు 40 శాతం పడుతుంది.

ఈ నాలుగు మీటర్ల గీతలో భద్రత లేదు, పొగ లేదు. పన్ను వేయడానికి అనువుగా ఎక్కడో ఒకచోట గీసిన గీత అది. తప్పని నేననను. కానీ 'ఈ కారు మనకు సరిపోతుంది' అనుకునే ముందు, 'సరిపోతోందా, స్లాబులో పడుతోందా' అని ఒకసారి ఆలోచించుకోవచ్చు.

పొగ ఎవరిది?

అన్ని నియమాలూ ఇలాంటివి కావు. పిల్లలకు నేను బోర్డు మీద ఒక ప్రశ్న రాశాను: 'నా డబ్బు, నా బండి, మధ్యలో ప్రభుత్వం ఎందుకు?' ఒక అమ్మాయి లేచి, 'మేడం, పొగ మాత్రం వెనకొచ్చేవాళ్లది కదా' అంది. ఎకనామిక్స్ పుస్తకాలు పేజీలకు పేజీలు రాసేది ఈ ఒక్క మాట గురించే. బండి ధర కొనేవాడు కడతాడు. పొగ ధర వెనక సైకిలు మీద వచ్చే పిల్లాడి ఊపిరితిత్తులు కడతాయి. ఆ పిల్లాడు షోరూంలో లేడు, బేరంలో లేడు. అందుకే అక్కడ కొనేవాడి ఇష్టానికి వదలలేదు.

2017 మార్చి 29న సుప్రీంకోర్టు ఏప్రిల్ 1 నుంచి బీఎస్ 3 బండ్లు అమ్మకూడదని చెప్పింది. చేతిలో ఉన్నవి రెండే రోజులు. ఆ మార్చి చివర షోరూంల దగ్గర డిస్కౌంటు బండ్ల కోసం జనం ఎగబడడం మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2018 అక్టోబరు 24న అదే కోర్టు ఇంకో తీర్పు ఇచ్చింది: 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్ 4 బండ్ల అమ్మకం గానీ రిజిస్ట్రేషన్ గానీ ఉండదు. మనదేశం బీఎస్ 5 అనే మెట్టు ఎక్కకుండా నేరుగా బీఎస్ 6కు దూకింది. పెట్రోలు, డీజిల్‌లో గంధకం పది లక్షల పాళ్లకు 50 నుంచి 10కి తగ్గింది.

మన టేకులపల్లి వైపు ఈ మార్పు ఎక్కువగా తెలిసింది మెకానిక్ షెడ్డులో. అంతకుముందు మామూలు బైకుల్లో కార్బ్యురేటర్ ఉండేది. బండి సరిగా స్టార్ట్ కాకపోతే మెకానిక్ స్క్రూడ్రైవర్‌తో ఒక తిప్పు తిప్పి, చెవి పెట్టి విని, 'ఇక పోనీయన్నా' అనేవాడు. బీఎస్ 6తో ఎక్స్‌ఎల్ 100కు కూడా ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. సెన్సార్లు వచ్చాయి. లోపం చూడాలంటే స్కానర్ కావాలి, కొన్ని పనులకు ఇల్లందో కొత్తగూడెమో పోవాలి. బండి ధర వేలల్లో పెరగడం ఒక ఎత్తు, ఊళ్లో బాగయ్యే బండి ఊరు దాటితే గానీ బాగుకాకపోవడం ఇంకో ఎత్తు. తండాల్లో, గూడేల్లో ఉండేవాళ్లకు రెండోదే పెద్ద ఖర్చు. ఢిల్లీలో లెక్కలు వేసేటప్పుడు ఈ కాలం గళ్లలో ఎక్కడా పడదు. పొగ నియమం సరైనదే అని నా అభిప్రాయం. మన షెడ్డు కుర్రాళ్లకు స్కానర్ శిక్షణ కూడా దానితోపాటే వచ్చి ఉండాల్సింది అన్నది కూడా నా అభిప్రాయమే.

కొన్ని బండ్లు పూర్తిగా మాయమయ్యాయి. చిన్న ఊళ్లలో అంబులెన్సుగా, స్కూలు వ్యానుగా, పెళ్లి బండిగా తిరిగిన మారుతి ఓమ్ని 2019లో ఆగిపోయింది. ముందు భాగం గుద్దుకుంటే లోపలివాళ్ల కాళ్లకు, ఢీకొన్న వస్తువుకు మధ్య ఏమీ ఉండని బండి అది. కొత్త క్రాష్ నియమాలకు అది నిలబడలేదు. చవకైన ఎంపిక ఒకటి పోయింది, నిజమే. అది పోయినందుకు నాకైతే బాధ లేదు.

ట్రాక్టర్లలో ఇంకో రకం చిత్రం జరిగింది. 2023 జనవరి 1 నుంచి కఠినమైన పొగ నియమాలు 50 హార్స్‌పవర్ దాటిన ట్రాక్టర్లకే వచ్చాయి. దానికి లోపల ఉన్నవి పాత నియమాలతోనే నడిచాయి, కాబట్టి చవక. మళ్లీ ఒక గీత, మళ్లీ గీతకు ఇవతల నిలబడ్డ కొనుగోలుదారు. (కోయగూడెం ఓపెన్‌కాస్ట్ నుంచి బొగ్గు టిప్పర్లు తిరిగే రోడ్డు పక్కన ఉండేవాళ్లు అడగొచ్చు: మరి ఈ దుమ్ము ఏ బీఎస్‌లోకి వస్తుంది అని. రాదు. సైలెన్సర్‌లోంచి వచ్చేదే ఆ లెక్కలోకి వస్తుంది. టైర్ల కింద లేచేదానికి నీళ్ల ట్యాంకరే మందు.)

బంకులో మాట

ఇప్పుడు పెట్రోలు సంగతి. 2025 నాటికి దేశంలో పెట్రోలులో ఇథనాల్ 20 శాతానికి చేరింది. చెరకు, మొక్కజొన్న, బియ్యం నుంచి ఇథనాల్ తీస్తారు, కాబట్టి రైతులకు లాభం, దిగుమతి ఖర్చు ఆదా అని ప్రభుత్వం చెబుతోంది. మైలేజీ కొంత తగ్గుతుందని ప్రభుత్వమే ఒప్పుకుంది. 2023 ఏప్రిల్ నుంచి తయారైన బండ్లను ఈ పెట్రోలుకు తట్టుకునేలా చేస్తున్నారు. అంతకు ముందు బండ్లు మన వీధుల్లో ఎన్ని ఉన్నాయో చూస్తే తెలుస్తుంది.

ఇథనాల్ లేని పెట్రోలు కూడా బంకుల్లో ఉంచాలని, ఏది ఎంత కలిసిందో పంపు మీద రాయాలని ఒకరు సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2025 సెప్టెంబరు 1న కోర్టు ఆ పిటిషన్ కొట్టేసింది. పాఠంలోని రెండు హక్కులు ఇక్కడ విడివిడిగా కనబడతాయి. ఎంచుకునే హక్కు: రెండు రకాల పెట్రోలు ఉంచాలంటే ప్రతి బంకులో ఇంకో ట్యాంకు కావాలి, ఆ ఇబ్బంది నాకు అర్థమవుతుంది. తెలుసుకునే హక్కు: పంపు మీద ఒక స్టిక్కరుకు పెద్ద ఖర్చేమీ ఉండదు. బిస్కెట్ ప్యాకెట్ మీద ఏమేం కలిపారో రాయమని చట్టం ఉన్న దేశంలో పెట్రోలు పంపు మీద పెద్ద అక్షరాలతో రాయడానికి అభ్యంతరం ఎందుకుండాలి? పిల్లల్లో కొందరు నాతో ఒప్పుకోలేదు. చర్చ ఇంకా నడుస్తోంది.

చట్టం ఆగిన చోట

భద్రత విషయంలో కొన్నిటిని ప్రభుత్వం మన చేతిలోంచి తీసేసుకుంది. 2017 ఏప్రిల్ నుంచి కొత్త బైకులకు హెడ్‌లైట్ పగలు కూడా వెలుగుతూనే ఉంటుంది. ఎదురొచ్చేవాళ్లు ఇప్పటికీ వేళ్లు ఆడించి 'లైటు' అని చెప్పి పోతుంటారు, పాపం మంచి మనసుతోనే. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన బైకులకు ఏబీఎస్, దానికి లోపలివాటికి రెండు బ్రేకులు కలిసి పడే సీబీఎస్ తప్పనిసరి. కార్లలో 2019 జులై నుంచి డ్రైవర్‌కు ఎయిర్‌బ్యాగ్ వచ్చింది. ముందు సీట్లో పక్కవారికి కూడా ఉండాలన్న నియమం 2021 చివరికల్లా అన్ని కార్లకూ వర్తించింది.

వెనక సీట్లో పిల్లలు కూర్చుంటారు కదా, వాళ్ల సంగతి? ఆరు ఎయిర్‌బ్యాగులు తప్పనిసరి చేయాలని 2022లో ముసాయిదా వచ్చింది. ఒక ఏడాది వాయిదా పడింది. 2023 సెప్టెంబరులో కేంద్రమంత్రి నితిన్ గడ్కరీ తప్పనిసరి చేయబోమని చెప్పారు. దానికి బదులుగా 2023 అక్టోబరు 1 నుంచి భారత్ ఎన్‌క్యాప్ వచ్చింది. కారును గుద్దించి చూసి సున్నా నుంచి ఐదు దాకా నక్షత్రాలు ఇస్తారు. అయితే పరీక్షకు పంపాలా వద్దా అన్నది కంపెనీ ఇష్టం. అంటే ఇక్కడ నియమం ఆగిపోయి ఎంపిక మన చేతికి వచ్చింది. అందుకే షోరూంలో సన్‌రూఫ్ గురించి అడిగే ముందు రెండు ప్రశ్నలు అడగండి: ఈ కారుకు భారత్ ఎన్‌క్యాప్ రేటింగ్ ఉందా, పిల్లల భద్రతకు ఎన్ని నక్షత్రాలు? పెద్దలకు వేరు, పిల్లలకు వేరుగా ఇస్తారు. సేల్స్ అబ్బాయి పెద్దల సంఖ్యే చెబుతాడు. కొనేవాళ్లు అడగడం మొదలుపెడితే కంపెనీలు దిగివస్తాయి. చట్టం తప్పనిసరి చేయకపోయినా 2025లో ఆల్టో కె10కు కూడా ఆరు ఎయిర్‌బ్యాగులు వచ్చాయి.

హెల్మెట్ కూడా అంతే. 2021 జూన్ 1 నుంచి ఐఎస్ఐ గుర్తు లేని హెల్మెట్ తయారు చేయడం, అమ్మడం చట్టవిరుద్ధం. అయినా రోడ్డు పక్కన కర్రలకు వేలాడుతూనే ఉన్నాయి. కొత్త బండితోపాటు ఐఎస్ఐ హెల్మెట్ ఇవ్వాలని కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో ఉంది. బిల్లు చేసేటప్పుడు అడిగి తీసుకోండి.

ఉదయం మన స్కూలు గేటు దగ్గర నిలబడితే నాకు రోజూ కనబడే దృశ్యం ఒకటి ఉంది. నాన్నగారి తలకు హెల్మెట్ ఉంటుంది, ముందు ట్యాంకు మీద కూర్చున్న యూకేజీ పాపకు ఉండదు, వెనక కూర్చున్న అన్నకు ఉండదు. చట్టం ప్రకారం నాలుగేళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ హెల్మెట్ ఉండాలి. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల లోపు పిల్లలకు 2023 ఫిబ్రవరి 15 నుంచి హెల్మెట్‌తోపాటు నడిపేవారికి కట్టే బెల్టు కూడా కావాలి, వేగం గంటకు 40 కిలోమీటర్లు దాటకూడదు. పిల్లల సైజు హెల్మెట్ మన ఊరి షాపుల్లో దొరకడం కష్టమే. మనం అడగం కాబట్టి వాళ్లు తెప్పించరు. పది మంది అడిగితే తెప్పిస్తారు.

'ఎక్స్‌ఎల్‌కు లైసెన్సు అక్కర్లేదు కదా?'

తొమ్మిది, పది తరగతుల తల్లిదండ్రుల్లో చాలామంది నన్ను అడిగే ప్రశ్న ఇది. బాధ్యత లేక అడగరు. తండా నుంచి మెయిన్ రోడ్డుకు నడవాలి, ఆటో నిండితే గానీ కదలదు, పల్లెవెలుగు బస్సు ఎప్పుడొస్తుందో తెలియదు. ఆడపిల్లలకు 2023 డిసెంబరు నుంచి బస్సు ఉచితమే, కానీ ముందు బస్సు రావాలి కదా. ట్యూషన్ అయ్యేసరికి చీకటి పడుతుంది. బండి ఇచ్చేస్తే ఒక బెంగ తీరుతుంది అనిపిస్తుంది.

చట్టం ఇలా ఉంది. మోటారు బండి నడపడానికి 18 ఏళ్లు నిండాలి. 50 సీసీ దాటని బైకు, మోపెడ్‌లకు మాత్రం 16 ఏళ్లు చాలు, అదీ లైసెన్సుతో. మన చిన్నప్పుడు టీవీఎస్ 50 ఉండేది కాబట్టి ఈ మినహాయింపుకు అర్థం ఉండేది. ఇప్పటి ఎక్స్‌ఎల్ 100 ఇంజిన్ 99.7 సీసీ. మినహాయింపు చట్టంలో మిగిలింది, ఆ బండి షోరూంలోంచి వెళ్లిపోయింది.

2019 సెప్టెంబరు 1 నుంచి అమలులో ఉన్న సెక్షన్ 199ఏ ప్రకారం మైనర్ బండి నడిపి నేరం జరిగితే తల్లిదండ్రులు లేదా బండి యజమానే దోషి. మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా, బండి రిజిస్ట్రేషన్ ఏడాదిపాటు రద్దు. పిల్లలకు 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. 'నాకు తెలియకుండా తీసుకెళ్లాడు' అంటే ఆ మాట రుజువు చేయాల్సింది కూడా మీరే. ప్రమాదంలో ఎవరికైనా దెబ్బ తగిలితే ఇన్సూరెన్స్ కంపెనీ తాను చెల్లించిన సొమ్మును యజమాని దగ్గర రాబట్టుకునే దారి కూడా ఉంది.

కొందరు ఎలక్ట్రిక్ స్కూటర్ల వైపు చూస్తున్నారు. మోటారు శక్తి 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉండి, అలా అని ధ్రువీకరణ పొందిన బండిని చట్టం మోటారు వాహనంగా చూడదు. నంబరు అక్కర్లేదు, లైసెన్సు అక్కర్లేదు. పదహారేళ్ల పిల్లలకు చట్టబద్ధంగా మిగిలిన దారి దాదాపు ఇదొక్కటే. కానీ కొనేటప్పుడు ధ్రువపత్రం అడగండి. 'వైరు ఒకటి తీసేస్తే నలభై పోతుంది సార్' అని ఎవరైనా అంటే అక్కడి నుంచి వచ్చేయండి. ఆ వైరు తీసిన క్షణం నుంచి అది మోటారు వాహనం, పైన చెప్పిన సెక్షన్ మొత్తం దానికి వర్తిస్తుంది. చట్టం అడగకపోయినా ఆ బండి మీదా హెల్మెట్ పెట్టించండి. ఇక పెద్దలు వాడే, నంబరు ఉన్న ఎలక్ట్రిక్ బండ్లకు మన రాష్ట్రంలో 2026 డిసెంబరు 31 దాకా రోడ్డు ట్యాక్సు, రిజిస్ట్రేషన్ ఫీజు లేవు. కొనాలనుకునేవారు ఆ తేదీ చూసుకోండి.

ఈ నెల పదో తరగతి ప్రాజెక్టు

ప్రతి విద్యార్థి ఇంట్లో ఉన్న ఒక బండి వివరాలు రాసి తేవాలి: తయారైన నెల, ఇంజిన్ సీసీ, బీఎస్ ఎంత, రిజిస్ట్రేషన్ గడువు ఎప్పటిదాకా. సొంత బండి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లే ఉంటుంది, తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి. గడువు దాటిన బండి ఏదైనా ఈ పనిలో బయటపడవచ్చు. కారు ఉంటే పొడవు కొలవాలి. ఇంట్లో ఎంతమంది, ఎన్ని హెల్మెట్లు, వాటిలో ఐఎస్ఐ గుర్తుతోపాటు ఐఎస్ 4151 అని ఎన్నిటి మీద ఉందో లెక్క రాయాలి. బండి లేని ఇంటి పిల్లలు తాము వచ్చే ఆటో లేదా మన స్కూలు బస్సు వివరాలు డ్రైవర్ అన్నను అడిగి రాయవచ్చు. ఆర్‌సీ ఫోటోలు వాట్సాప్‌లో పంపవద్దు. బండి నంబరు, యజమాని పేరు అక్కర్లేదు, నోట్‌బుక్‌లో వివరాలు రాస్తే చాలు.